ల్యాండింగ్ ముందు చెక్‌లిస్ట్ ఎందుకు తప్పిపోతుంది? ఒక ఇన్‌స్ట్రక్టర్ జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. లైసెన్స్ వచ్చి ఏడాది కాలేదు, మొత్తం తొంభై గంటలు ఎగిరారు. మొన్న స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని సెస్నా 172 అనే చిన్న విమానంలో తిరిగొస్తుంటే, డౌన్‌విండ్‌లో (రన్‌వే పక్కగా, దిగే దిశకు ఎదురు దిశలో ఎగిరే దారి) టవర్ మీ ముందు ఇంకో విమానం ఉందని, మీరు రెండో నంబర్ అని చెప్పింది. దాన్ని వెతుకుతుండగా మీ స్నేహితుడు కిందికి చూపించి ఏదో అడిగాడు. ల్యాండింగ్ చెక్స్ జరగలేదు, ఫ్లాప్స్ (నెమ్మదిగా దిగడానికి రెక్కల వెనక దించే పలకలు) వేయలేదన్న సంగతి ఫైనల్లో (రన్‌వేకు సూటిగా దిగే చివరి దారి) కూడా గమనించలేదు. వేగంగా వచ్చారు, సగం రన్‌వే తేలుతూ పోయారు, ఇక ఆగలేక ముక్కు దించితే నోస్‌వీల్ ముందు తగిలి రెండుసార్లు ఎగిరిపడ్డారు. ఇప్పుడు మీరు అడుగుతున్నవి రెండు. చెక్‌లిస్ట్ తప్పిపోవడం, పరధ్యానం నిజంగా ప్రమాదాలకు అంత కారణమవుతాయా? "చెక్‌లిస్టులు పెద్ద జెట్లకు, ఈ డబ్బాకు ఎందుకు" అన్న మీ సీనియర్ మాటలో పస ఉందా?

మొదటిదానికి జవాబు: అవును, అవుతాయి. రెండోదానికి: లేదు, ఒక్క చుక్క కూడా లేదు. పెద్ద జెట్లో మీరు మరిచిపోయింది పట్టుకోవడానికి పక్కన ఇంకో పైలట్ ఉంటాడు. మీ పక్కన ఉన్నవాడు కిందికి చూపించి ప్రశ్నలు అడుగుతున్నాడు.

అయితే ఇరవై రెండేళ్లుగా కుడి సీట్లో, అంటే ఇన్‌స్ట్రక్టర్ సీట్లో, కూర్చున్నవాడిగా ఒక మాట చెప్పాలి. కావాలని చెక్‌లిస్ట్ ఎగ్గొట్టే పైలట్లు నాకు చాలా తక్కువ మంది తగిలారు. చెక్‌లిస్ట్ మధ్యలో తెగిపోతుంది. తెగిన సంగతి తెలియదు. పైగా పూర్తయిందనే నమ్మకం మిగులుతుంది. మీ సంఘటనలో జరిగిందీ అదే, నాకు ఒకసారి జరిగిందీ అదే. నాది ముందు చెప్తాను, ఎందుకంటే మీదానికన్నా సిగ్గుపడాల్సిన కథ.

పదకొండేళ్ల కిందటి మాట. చక్రాలు లోపలికి ముడుచుకునే నాలుగు సీట్ల సింగిల్ ఇంజన్ విమానం. నాకు అప్పటికే వేల గంటల అనుభవం. డౌన్‌విండ్‌లో రన్‌వే మొదలు రెక్క పక్కకు రాగానే గేర్ (చక్రాలు) దించే నాబ్ మీద చెయ్యి వేశాను. గేర్ నాబ్ చిన్న చక్రం ఆకారంలో ఉంటుంది, చూడకుండా పట్టుకున్నా ఏది పట్టుకున్నామో వేళ్లకు తెలియాలని. దాని గుండ్రటి అంచు నా వేళ్లకు తగిలింది, అది ఇప్పటికీ గుర్తుంది. సరిగ్గా ఆ క్షణంలో టవర్ పిలిచింది: హెలికాప్టర్, రెండు గంటల దిశలో (అంటే ముందు కుడివైపు), కనిపిస్తే చెప్పండి. నాబ్ మీది చెయ్యి తీసి ఎండకు అడ్డం పెట్టుకుని వెతికాను. కనిపించింది, చెప్పాను. ఆ చెయ్యి మళ్లీ నాబ్ దగ్గరికి పోలేదు, థ్రాటిల్ (ఇంజన్ పవర్ పెంచి తగ్గించేది) మీదికి పోయింది. నా లెక్కలో మాత్రం గేర్ దిగిపోయింది. నాబ్ పట్టుకున్నట్టు గుర్తుంది కదా మరి!

ఫైనల్లో విమానం జారుతూనే ఉంది, వేగం దిగట్లేదు. గాలి వెనక నుంచి వస్తోందేమో అనుకున్నాను. థ్రాటిల్ పూర్తిగా తగ్గించగానే హారన్ మొదలైంది. అది గేర్ హారన్. నా చెవికి మాత్రం స్టాల్ హారన్‌లా (వేగం తగ్గి రెక్క ఇక మోయలేని స్టాల్ దగ్గరపడితే మోగేది) వినిపించింది, ల్యాండింగ్‌లో రోజూ వినేది అదే కాబట్టి. నేల నలభై అడుగుల్లో ఉందనగా, రన్‌వే పక్కన ఆగి ఉన్న ఏదో విమానంలోంచి రేడియోలో ఒక్క మాట వచ్చింది: "గేర్!" పవర్ మొత్తం ఇచ్చి పైకి లేచిపోయాను. ఆ గొంతు ఎవరిదో నాకు ఈ రోజుకీ తెలియదు.

దీన్ని ఊరికే మతిమరుపు అని తీసిపారేస్తే కుదరదు. తర్వాత చేయాల్సిన పనిని గుర్తుపెట్టుకుని సమయానికి చేయడం అనేది మనిషి మెదడు చేసే పనుల్లో బాగా బలహీనమైనది. నాసా ఏమ్స్ కేంద్రంలో ఏళ్ల తరబడి కాక్‌పిట్ అంతరాయాల మీద పని చేసిన పరిశోధకులు దీని గురించి చాలా రాశారు. వాళ్లు చెప్పేదాన్ని మన భాషలో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: అలవాటైన పని ఒక గొలుసు. ఒక్కో మెలిక తర్వాతి మెలికను లాగుతుంది. మధ్యలో ఎవరో పిలిస్తే మెదడు గొలుసు వదిలి అటు పోతుంది. తిరిగొచ్చేటప్పుడు వదిలిన మెలిక దగ్గరికి రాదు, ఆ సమయానికి కళ్ల ముందున్న దృశ్యం ఏ మెలికను గుర్తు చేస్తే దాని దగ్గరికి వస్తుంది. మీరు తిరిగొచ్చేసరికి కళ్ల ముందు బేస్ టర్న్ (డౌన్‌విండ్ నుంచి రన్‌వే వైపు తిరిగే మలుపు) ఉంది. అందుకే బేస్ తిప్పారు. ఫ్లాప్స్ వెనక ఉండిపోయాయి.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. అదే పని వెయ్యిసార్లు చేసినవాడికి, ఈ రోజు చేశానా లేదా అన్నది నిన్నటి జ్ఞాపకంలో కలిసిపోతుంది. అందుకే అనుభవం ఈ విషయంలో మనల్ని కాపాడదు. చక్రాలు దించకుండా పొట్టతో దిగినవాళ్లలో కొత్తవాళ్లే కాదు, తలపండినవాళ్లూ బోలెడుమంది ఉన్నారు.

"పెద్ద విమానాలకే" అన్న మాట సంగతి. అసలు పైలట్ చెక్‌లిస్ట్ పుట్టిందే ఒక చిన్న వస్తువు వల్ల. 1935 అక్టోబర్ 30న అమెరికాలోని రైట్ ఫీల్డ్‌లో బోయింగ్ మోడల్ 299 (తర్వాత బీ-17 అయింది ఇదే) పరీక్షగా ఎగరబోయి, లేచిన కాసేపటికే కూలిపోయింది. నడిపింది ఆషామాషీ మనుషులు కాదు, సైన్యంలోనూ కంపెనీలోనూ పేరున్న టెస్ట్ పైలట్లు. ఇద్దరి ప్రాణాలు పోయాయి. కారణం: నేల మీద గాలికి కంట్రోల్స్ కొట్టుకోకుండా బిగించే గస్ట్ లాక్ తీయలేదు. ఆ తర్వాతే టేకాఫ్‌కు, ల్యాండింగ్‌కు కాగితం మీద రాసుకుని సరిచూసుకునే పద్ధతి వచ్చింది. ఇప్పుడు ఆగి ఉన్న మీ 172 యోక్ (విమానం నడిపే పిడి) వైపు ఒకసారి చూడండి. ఎర్ర రేకుతో ఉన్న ఇనప చువ్వ ఒకటి దానికి గుచ్చి ఉంటుంది. అదే గస్ట్ లాక్. 1935లో ఆ నాలుగింజన్ల విమానం కూలడానికి కారణమైన వస్తువే మీ డబ్బాలోనూ ఉందని మీ సీనియర్‌కు చెప్పండి.

ఇక పరధ్యానం గురించి చెప్పాలంటే 1972 డిసెంబర్ 29 రాత్రి కూలిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానం గుర్తుకు రాకుండా ఉండదు. నోస్ గేర్ (ముందు చక్రం) దిగిందని చూపించే దీపం వెలగలేదని కాక్‌పిట్‌లో అందరూ దాని మీదే పడ్డారు. ఆటోపైలట్ ఎత్తు నిలబెట్టడం మానేసిందని ఎవరూ చూడలేదు. విమానం మెల్లగా దిగుతూ ఫ్లోరిడా చిత్తడి నేలల్లోకి పోయింది, 101 మంది చనిపోయారు. గేర్ నిజానికి దిగే ఉంది, మాడిపోయింది బల్బు. అంతమంది ఉన్న కాక్‌పిట్‌లోనే ఇలా జరిగితే ఒంటరి పైలట్ సంగతి ఆలోచించండి. విమానయాన సంస్థల కాక్‌పిట్లలో పదివేల అడుగుల కింద అనవసరమైన మాటలు, పనులు ఉండకూడదని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 1981లో నియమం పెట్టింది. సొంతంగా ఎగిరే మనకు ఆ నియమం వర్తించదు. మనమే పెట్టుకోవాలి.

ఇప్పుడు చిన్న విమానాల్లో ఇది ప్రమాదం ఎలా అవుతుందో చూద్దాం. అన్నీ ఒకే రకం కాదు.

కొన్నిట్లో సంబంధం నేరుగా ఉంటుంది. గేర్ గురించి చెప్పాను. పొట్టతో దిగితే సాధారణంగా మనుషులకు ఏమీ కాదు, కానీ తిరుగుతున్న ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుంటుంది కాబట్టి ఇంజన్ విప్పి చూడాల్సిందే. ఇంధనం ఇంకోటి. 172లో సెలెక్టర్‌ను (ఏ ట్యాంక్ నుంచి ఇంధనం రావాలో ఎంచుకునే మీట) రెండు ట్యాంకుల మీదా ఉంచవచ్చు. పైపర్ పీఏ-28 లాంటివాటిలో ఎడమో కుడో, ఏదో ఒకటే. ఒక ట్యాంక్ ఖాళీ అయి ఇంజన్ ఆగి, రెండో ట్యాంక్‌లో ఇంధనం ఉండగానే పొలాల్లో దిగిన విమానాలు ఉన్నాయి. కార్బురేటర్ హీట్ (ఇంధనాన్ని గాలితో కలిపే కార్బురేటర్లో మంచు పట్టకుండా వేడి గాలి పంపేది) మూడోది. పవర్ తగ్గించి దిగేటప్పుడే కార్బురేటర్లో మంచు పట్టడం తేలిక, అదీ గాల్లో తేమ బాగా ఉంటే 20 డిగ్రీల ఉష్ణోగ్రతలో కూడా. చలికాలం కాదు కదా అని వదిలేసేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. గో-అరౌండ్ (దిగడం మానుకుని తిరిగి పైకి లేవడం) కోసం థ్రాటిల్ నెట్టినప్పుడు ఇంజన్ దగ్గితే ఇక చేయగలిగింది పెద్దగా ఉండదు.

నీటి మీదా నేల మీదా దిగే యాంఫీబియన్ విమానాలైతే మరీ దారుణం. రన్‌వే మీద చక్రాలు దించకపోతే పొట్ట గీసుకుంటుంది, అంతే. నీటి మీద చక్రాలు దించి ఉంచితే విమానం ముందుకు తలకిందులవుతుంది, మనుషులు మునుగుతారు. అందుకే వాటిని నడిపేవాళ్లు "ఇది నీటి ల్యాండింగ్, చక్రాలు పైన ఉన్నాయి" అని పైకి పూర్తి వాక్యంగా చెప్పుకుంటారు. "గేర్ చెక్" అని మాత్రం అనరు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

రెండో రకంలో సంబంధం అంత నేరుగా కనిపించదు. మీది ఆ రకం. అమెరికాలో సొంత విమానాల యజమానుల, పైలట్ల సంఘం ఏఓపీఏ వేసే భద్రతా నివేదికలు ఏ ఏడాదివి తిరగేసినా, చిన్న విమానాల్లో పైలట్ పొరపాట్లతో జరిగే ప్రమాదాల్లో ల్యాండింగ్‌దే పెద్ద వాటా. ప్రాణాలు పోయేవి అందులో తక్కువ, ఇనుము వంగేవి ఎక్కువ. వాటిలో ఎక్కువ భాగం ఎగిరిపడటం, రన్‌వే పక్కకు జారిపోవడం, చివర దాటిపోవడం. నివేదికలో "చెక్‌లిస్ట్ చేయలేదు" అని ఉండకపోవచ్చు, "వేగాన్ని అదుపులో ఉంచలేకపోవడం" అని ఉంటుంది. కానీ వేగం అదుపులో ఎందుకు లేదు?

మీ లెక్కే వేద్దాం. ఫ్లాప్స్‌తో 60 నాట్లతో రావాల్సిన మీరు 72తో వచ్చారనుకోండి. వేగం 20 శాతమే ఎక్కువ. శక్తి మాత్రం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 44 శాతం ఎక్కువ. ఫ్లాప్స్ లేవు, గాలి ఒరిపిడి తక్కువ. నేల దగ్గర గ్రౌండ్ ఎఫెక్ట్‌లో రెక్క ఇంకా బాగా తేలుతుంది. ఆ 44 శాతం ఎక్కడికి పోవాలి? రన్‌వే వెంట తేలుతూ కరగాలి. కరగక ముందే మీరు ముక్కు దించారు. రెక్క ఇంకా ఎగరాలని చూస్తోంది, మీరు చక్రాన్ని నేలకు నొక్కారు, అది తిరిగి కొట్టింది. మొదటిసారి ఎగిరిపడగానే పవర్ ఇచ్చి గో-అరౌండ్ చేయాల్సింది. యోక్ ముందుకూ వెనక్కూ ఆడిస్తూ దాన్ని సర్దబోతే మూడో దెబ్బకు నోస్‌గేర్ విరుగుతుంది. మీకు రెండో దెబ్బతో ఆగింది.

గమనించారా? ఒక మెలిక తెగితే దాని వెనక ఎన్ని పనులు ఆలస్యమయ్యాయో! ల్యాండింగ్ చెక్స్ అంటే ఫ్లాప్స్ వేయడం ఒక్కటే కాదు. అది విమానం ఇప్పుడు ఏ స్థితిలో ఉందో మీ మనసు వచ్చి చూసుకునే నిమిషం. ఆ నిమిషం పోతే విమానం ముందు, మనసు వెనక.

మూడో రకమే నన్ను ఎక్కువ భయపెడుతుంది. ఇందులో చెక్‌లిస్ట్‌కు పాత్ర లేదు, పరధ్యానం ఒక్కటే చాలు. గాల్లో తలుపు తెరుచుకోవడం తీసుకోండి. చిన్న విమానాల్లో ఇది కొత్తేం కాదు. గొళ్లెం సరిగ్గా పడకపోతే ఢామ్మని తెరుచుకుంటుంది, గాలి హోరు, కాగితాలు ఎగురుతాయి. మామూలుగా విమానానికి దానివల్ల ఏమీ కాదు, గాలి ఒత్తిడికి తలుపు రెండు మూడు అంగుళాలకు మించి తెరుచుకోదు కూడా. కానీ దాన్ని మూయబోయి, నడపడం వదిలేసి కూలిపోయినవాళ్లు ఉన్నారు. తలుపును అలాగే వదిలేసి, సర్క్యూట్ (రన్‌వే చుట్టూ ఎగిరే దారి) తిరిగి దిగితే చాలు. నా స్టూడెంట్లందరికీ మొదటి సోలోకు (ఒంటరిగా ఎగరడానికి) ముందే తలుపు కొంచెం తెరిచి చూపిస్తాను. ఆ హోరు ఒకసారి విన్నవాడు రెండోసారి కంగారుపడడు.

ఫోన్ గురించి రాయకుండా ఉండలేను. 2014 మేలో అమెరికాలో కొలరాడోలో ఒక సెస్నా 150 రాత్రిపూట తక్కువ ఎత్తులో అదుపు తప్పి కూలింది, ఇద్దరూ పోయారు. లోపల దొరికిన చిన్న కెమెరాలో అంతకుముందు తిరిగిన సర్క్యూట్ల దృశ్యాలు ఉన్నాయి, అందులో సెల్ఫీలు, ఫ్లాష్ వెలుగు. కూలిన సర్క్యూట్ రికార్డు కాలేదు, అయినా ఫోన్ వాడకం ధ్యాస మళ్లించి ఉంటుందని, అదీ ఒక కారణమని అమెరికా ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చింది.

బేస్ నుంచి ఫైనల్‌కు తిరిగే మలుపు సంగతి మీకు ఇన్‌స్ట్రక్టర్ చెప్పే ఉంటారు. 45 డిగ్రీలు వాల్చి ఎత్తు పోకుండా తిప్పితే స్టాల్ వేగం 19 శాతం పెరుగుతుంది. ఆ సమయంలో తల లోపల పెట్టి ఏదో వెతుకుతూ, రన్‌వే దాటిపోతోందని రడ్డర్‌తో (తోక చుక్కాని) లాగితే, స్పిన్‌లోకి (గిరగిరా తిరుగుతూ పడిపోవడం) పోయాక తేరుకోవడానికి ఎత్తు ఉండదు.

అందుకే, చెక్‌లిస్ట్‌ను వెనకేసుకొచ్చే నేనే దాని గురించి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. చెక్‌లిస్ట్ కూడా పరధ్యానం కావచ్చు. బేస్ మలుపులో కార్డు తీసి చదవడం మొదలుపెట్టిన స్టూడెంట్ చేతిలోంచి దాన్ని లాక్కున్నాను నేను. మరిచిపోయినదాన్ని తప్పుడు చోట గుర్తు తెచ్చుకుంటే, చేయకపోవడంకన్నా ఎక్కువ చేటు. ఫైనల్లో మూడు వందల అడుగుల్లో ఫ్లాప్స్ లేవని చూశారా? కంగారుగా ఒకేసారి మొత్తం దించకండి. గో-అరౌండ్ చేయండి, తిరిగి రండి. రన్‌వే పొడవు చాలినంత ఉండి, వేగం నిలకడగా ఉంటే ఫ్లాప్స్ లేకుండా దిగడమూ నేర్చుకున్నదే కదా, అలా దిగినా తప్పు లేదు. కానీ అది మీరు తీసుకున్న నిర్ణయమై ఉండాలి, మొన్నటిలా పొరపాటున జరిగిపోయింది కాకూడదు.

ఇక ఏం చేయాలి అన్నది. పుస్తకంలో ఉన్నవి మీకు తెలుసు, నేను వాడేవి మాత్రం చెప్తాను.

చెక్స్‌ను జ్ఞాపకానికి వదలొద్దు, ఒక చోటికి కట్టేయండి. చాలామందికి ఆ చోటు డౌన్‌విండ్‌లో రన్‌వే మొదలు పక్కకు వచ్చినప్పుడు. బాగానే ఉంటుంది, ఆ చోటు వచ్చినంతకాలం. టవర్ నేరుగా ఫైనల్‌కు రమ్మంటే? అసలు డౌన్‌విండే ఉండదు, కాబట్టి గుర్తు చేసే గంటా మోగదు. ఆర్బిట్ కొట్టమన్నా (ఉన్నచోటే గుండ్రంగా ఒక చుట్టు తిరగమన్నా), చివరి నిమిషంలో రన్‌వే మార్చినా అంతే. మామూలు దారి మారిన రోజే మరుపు ఎక్కువ. అందుకని నాకు రెండు చోట్లు ఉంటాయి. ఒకటి డౌన్‌విండ్‌ది. రెండోది ఏ దారిన వచ్చినా తప్పనిది: నేల నుంచి 500 అడుగులు. అక్కడ నాలుగే చూస్తాను: వేగం, ఫ్లాప్స్, చక్రాలు, రన్‌వే ఖాళీనా. ఒక్కటి సరిగ్గా లేకపోయినా దిగను. చక్రాలు ముడుచుకోని విమానంలో కూడా "చక్రాలు కిందే, స్థిరం" అని చెప్పుకుంటాను. నా స్టూడెంట్లు నవ్వుతారు. రేపు ముడుచుకునే గేర్ ఉన్న విమానం ఎక్కిన రోజు నాలుకకు అలవాటై ఉంటుంది.

మధ్యలో తెగితే మొదటి నుంచి మొదలుపెట్టండి. ఎక్కడ ఆపానో గుర్తుంది అనిపిస్తుంది. నమ్మకండి, హెలికాప్టర్ వెతికిన నాకూ గుర్తున్నట్టే అనిపించింది. మొత్తం చెక్ పదిహేను సెకన్లు కూడా పట్టదు. అంత సమయం లేదంటే అసలు సమస్య వేరే, మీరు విమానం వెనక పడ్డారు.

కొందరు ఆపిన చోట బొటనవేలు పెట్టుకుంటారు, ఇంకొందరు చెయ్యి ఆ నాబ్ మీదే ఉంచి రేడియోకు జవాబిస్తారు. ఈ రెండోది నేను ఆ రోజు నుంచి పాటిస్తున్నాను. గేర్ మీద వేసిన చెయ్యి, మూడు చక్రాలూ దిగాయని చూపే మూడు ఆకుపచ్చ దీపాలు వెలిగేదాకా కదలదు, ఆకాశం ఊడిపడినా సరే.

టవర్‌కు "స్టాండ్‌బై" అని చెప్పవచ్చు. కొత్త పైలట్లకు ఇది బూతు మాటలా అనిపిస్తుందేమో, ఎవరూ అనరు. ముందు విమానం నడపాలి, తర్వాత దారి చూసుకోవాలి, ఆ తర్వాతే మాట్లాడాలి. కంట్రోలర్ మీ కాక్‌పిట్ లోపల ఏం జరుగుతోందో చూడలేడు, మీరు చెప్తేనే తెలుస్తుంది. అయితే దగ్గర్లో ట్రాఫిక్ గురించి చెప్పినప్పుడు బయటికి చూడటమే ముందు, అందులో సందేహం లేదు. చూసి, తర్వాత చెక్స్ మొదటి నుంచి.

పక్కవాడికి నేల మీదే చెప్పండి. నేను ఎక్కేముందు ఒక్క మాట చెప్తాను: "నేను అరచెయ్యి ఇలా ఎత్తానంటే దిగేదాకా మాటల్లేవు. మంట కనిపించినా, వేరే విమానం దగ్గరికొస్తున్నా మాత్రం అరవండి." గాల్లో చెప్తే వాళ్లకు కోపమొస్తుంది, నేల మీద చెప్తే గౌరవంగా ఉంటుంది. వాళ్లకు పని కూడా ఇవ్వవచ్చు, వేరే విమానాలు కనిపిస్తే చూపించమని. ప్రశ్నలు వాటంతట అవే తగ్గుతాయి. ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. ట్రైనింగ్‌లో డౌన్‌విండ్‌లో అందరికన్నా ఎక్కువ వాగేది ఇన్‌స్ట్రక్టరే. స్టూడెంట్ చెక్స్ తప్పితే అందులో సగం పాపం మాది.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివరికి వచ్చింది. నోటితో కాదు, కంటితో చేత్తో చేయండి. నేను స్టూడెంట్లకు ఒక చిన్న పరీక్ష పెడతాను. ఇంకా ఇంజన్ స్టార్ట్ చేయకముందే, వాళ్లు చూడకుండా ఇంధనం గేజ్ మీద వేలెడంత పసుపు కాగితం అంటిస్తాను. ఒకబ్బాయి, చురుకైనవాడే, కాగితం మీద అలా వేలు చూపిస్తూ "ఫ్యూయల్, చాలినంత ఉంది" అని తర్వాతిదానికి వెళ్లిపోయాడు. ఆపి అడిగాను.

"ఎంతుంది?"

"చాలినంత ఉంది సార్."

"గేజ్ ఏ రంగులో ఉంది?"

అప్పుడు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. తప్పు అతనిది కాదు, వల్లించడం ఎప్పుడూ అంతే. కన్ను తాను చూడాలనుకున్నదే చూస్తుంది. వెలగని ఆకుపచ్చ దీపం వెలిగినట్టు కనబడటం నిజంగా జరుగుతుంది. అందుకే యాంఫీబియన్ పైలట్ల పద్ధతి బాగుందన్నాను. "చెక్", "ఓకే" అనే మాటలకు చూడకుండానే నోరు తిరుగుతుంది. దాని బదులు కనిపించినదాన్నే చెప్పండి: "ఫ్లాప్స్ ఇరవై. వేగం 65. ఇంధనం రెండు ట్యాంకుల మీద. మిక్చర్ రిచ్." అంకె చెప్పాలంటే చూసి తీరాలి. అన్నట్టు, బాగా ఎత్తయిన ఎయిర్‌ఫీల్డ్‌లో మిక్చర్‌ను (గాలిలో ఇంధనం కలిసే పాళ్లను) కళ్లు మూసుకుని పూర్తి రిచ్ (ఇంధనం ఎక్కువ) చేయకండి, పవర్ పోతుంది. ఇదీ వల్లించేవాళ్లకు తగిలే దెబ్బే.

దిగాక కూడా తొందర వద్దు. రన్‌వే మీద ఇంకా దొర్లుతుండగానే ఫ్లాప్స్ ఎత్తేయాలన్న అలవాటుతో గేర్ ఎత్తేసినవాళ్లున్నారు. బీచ్ బొనాంజా, బారన్ పాత మోడళ్లలో ఆ రెండు స్విచ్‌లు మిగతా విమానాలకు తిరగేసి ఉండేవి. వాటిలో ఇలాంటి ప్రమాదాలు మరీ ఎక్కువగా ఉన్నాయని ఎన్‌టీఎస్‌బీ 1980లో ప్రత్యేకంగా అధ్యయనం చేసి చెప్పింది. రెక్క ఇంకా సగం బరువు మోస్తుంటే, చక్రాల మీద బరువుంటే గేర్ ఎత్తనివ్వని స్విచ్ కూడా మోసపోతుంది. రన్‌వే వదిలి, పూర్తిగా ఆగి, అప్పుడు ముట్టుకోండి.

గో-అరౌండ్ గురించి ఒక్క మాట, ఎందుకంటే పైన పదిసార్లు చేయమన్నాను. అది కూడా సాధన లేకపోతే ప్రమాదమే. పవర్ పూర్తిగా, కార్బ్ హీట్ లోపలికి (అంటే ఆఫ్), ముక్కు అదుపులో, ఫ్లాప్స్ విడతలుగా. ల్యాండింగ్ కోసం పెట్టిన ట్రిమ్ (యోక్ మీద చేతి బరువు తగ్గించే అమరిక) ముక్కును పైకి గట్టిగా నెడుతుంది, దానికి సిద్ధంగా ఉండండి. చెక్‌లిస్ట్ కార్డు తీయడం పైకి ఎక్కాకే. నెలకు ఒకటైనా కావాలని చేస్తుండండి, ఎవరో ఒకరు బలవంతం చేసిన రోజు మొదటిసారి కాకూడదు.

ఇదంతా పాటించినా ఈదురుగాలికో, పక్క గాలికో ల్యాండింగ్ చెడవచ్చు. దానికి చెక్‌లిస్ట్ మందు కాదు, రడ్డర్ పని కావాలి. అది వేరే ప్రశ్న, అడిగితే వేరేగా రాస్తాను.

మీరు రాసినదాంట్లో ఒకటి కనిపించలేదు, అదే అడుగుతున్నాను. ఆ రోజు ఎగిరిపడ్డ సంగతి ఇంజనీర్‌కు చెప్పారా? టెక్ లాగ్‌లో (విమానం లోపాలు రాసే పుస్తకం) రాశారా? 172లో నోస్‌వీల్ మీద గట్టిగా దిగితే ఆ దెబ్బ ఫైర్‌వాల్ (ఇంజన్‌కు, కేబిన్‌కు మధ్య ఉండే రేకు గోడ) మీదికి పోతుంది. అక్కడ రేకు ముడతపడినా బయటి నుంచి కనిపించకపోవచ్చు. ప్రొపెల్లర్ చివరలు కూడా దగ్గరి నుంచి చూడాలి, నేలకు తాకిన గీత ఏమైనా ఉందేమో. చెప్పకపోతే ఈ రోజే ఫోన్ చేయండి. రేపు ఉదయం ఆ విమానాన్ని ఇంకో స్టూడెంట్ సోలోకు తీసుకెళ్లవచ్చు.